ఏ పనికి ఏ రాయి?



రాయలసీమలో అహోబిలం చూడని కుటుంబం అరుదు. నంద్యాల దాకా రైలో, బస్సో. అక్కణ్ణుంచి కర్నూలు - కడప రోడ్డు మీద ఆళ్ళగడ్డ. ఆళ్ళగడ్డ నుంచి సుమారు 25 కిలోమీటర్లు పోతే దిగువ అహోబిలం. ఇంకో 8 కిలోమీటర్లు పైకి పోతే ఎగువ అహోబిలం. దర్శనం, ప్రసాదం, నాలుగు ఫోటోలు, సాయంత్రం తిరుగు బస్సు. అంతా బాగానే ఉంటుంది. ఇంటికొచ్చాక పిల్లల్ని అడిగి చూడండి, అక్కడ ఏం చూశార్రా అని. కోతుల గురించి చెబుతారు.

ఈసారి వెళ్ళేటప్పుడు ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకుని వెళ్ళండి. అది చెప్పడానికే ఈ కాస్త సమయం తీసుకుంటున్నాను. ప్రశ్న చాలా చిన్నది. ఈ పనికి ఈ రాయే ఎందుకు? మళ్ళీ చెబుతున్నాను. ఈ పనికి ఈ రాయే ఎందుకు?

అహోబిలం చుట్టుపక్కల ఎటు చూసినా రాయే. కొండ రాయి. గుడి రాయి. గుళ్ళో దేవుడు రాయి. ఊళ్ళో ఇళ్ళ గచ్చు రాయి. చేని గట్టు మీద పాతిన బండ రాయి. అయితే అన్నీ ఒకటే రాయి కాదు. ఒక రాయి నేల మీద పరవడానికి పనికొస్తుంది, విగ్రహానికి పనికిరాదు. ఒకటి విగ్రహానికి పనికొస్తుంది, పలకలుగా చీలదు. ఇంకొకటి కొండగా నిలబడటానికి తప్ప మనిషి ఉలికి లొంగదు. మన పెద్దలకు ఈ తేడా తెలుసు. బడిలో నేర్చుకోలేదు. చేత్తో పట్టుకుని, సుత్తితో తట్టి తెలుసుకున్నారు.

ముందు మన ఇంట్లోంచే మొదలుపెడదాం.

ప్రయాణానికి ముందురోజు మీ వంటింట్లోకి వెళ్ళి గట్టు చూడండి. పాత ఇల్లయితే గట్టు మీద నల్లటి కడప బండ ఉంటుంది. కింద నేల మీద బేతంచెర్ల బండలు ఉంటాయి. పెరట్లో ఒక మూల రోలు ఉంటుంది. మిక్సీ వచ్చాక దాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ బరువు కదా, పారేయడం కష్టం, అందుకని ఉంటుంది.

కడప బండ మీద నిమ్మకాయ కోసి, రసం తుడవకుండా వదిలేస్తే ఏమవుతుందో వంట చేసేవాళ్ళకు తెలుసు. మరునాడు చూస్తే అక్కడ వెలిసిపోయిన మచ్చ. ఎంత తోమినా పోదు. ఎందుకు పోదంటే అది మరక కాదు. అక్కడ రాయి కరిగింది. కడప బండ, బేతంచెర్ల బండ రెండూ సున్నపురాయి జాతివి. పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుంది. నిమ్మరసం కావచ్చు, చింతపండు కావచ్చు, పెరుగు కావచ్చు. పైనున్న పాలిష్ పోయి గరుకవుతుంది. కాబట్టి బండ మీద పులుపు పడితే వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి. బాత్‌రూము శుభ్రం చేసే యాసిడ్ మాత్రం బండ మీద ఎప్పుడూ పోయకండి. ఒక్కసారి పోస్తే చాలు, ఆ బండ జన్మలో మెరవదు.

ఇప్పుడు రోలు సంగతి చూడండి. అదే చింతపండు, అదే నిమ్మకాయ రోట్లో వేసి ఏళ్ళ తరబడి నూరాం. రోలుకు ఏమీ కాలేదు. రోలు సున్నపురాయి కాదు, గట్టి గ్రానైట్ జాతి రాయి. పులుపుకు కరగదు. మిరపకాయలకు, ఉప్పుకు అరగదు. అరిగినా ఎప్పటికో. పూర్వం వీధుల్లోకి రోళ్ళకు, తిరగళ్ళకు గంట్లు పెట్టేవాళ్ళు వచ్చేవాళ్ళు గుర్తుందా? నూరి నూరి నునుపెక్కిన రోలును ఉలితో మళ్ళీ గరుకు చేసి వెళ్ళేవాళ్ళు. ఆ గంటు కొన్నేళ్ళు నిలవాలంటే రాయి గట్టిది కావాలి. సున్నపురాయితో రోలు చేయించి ఉంటే పచ్చడితో పాటు రాయిని కూడా తినేవాళ్ళం.

చూశారా, ఇంట్లోనే రెండు రాళ్ళు, రెండు పనులు. ఈ పనికి ఈ రాయే ఎందుకు అన్న ప్రశ్నకు వంటింట్లోనే సగం జవాబు దొరికింది.

ఇక ఇల్లు దాటి బయటికొద్దాం. నంద్యాల ఉన్నది ఒక లోయలో. తూర్పున నల్లమల కొండలు. పడమట ఎర్రమల కొండలు. నడుమ కుందూ నది, నల్లరేగడి నేల. ఆ పడమటి వైపు, అంటే బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల వైపు పోతే రోడ్డు పక్కన బండల గుట్టలు కనబడతాయి. అవే నాపరాళ్ళు. నాపరాళ్ళ గనులు, వాటి పక్కనే పాలిష్ ఫ్యాక్టరీలు, ఫ్యాక్టరీల వెనక తెల్లటి బురద, పనికిరాని ముక్కల దిబ్బలు. అందంగా ఉండే దృశ్యం కాదు. కానీ ఆంధ్ర, తెలంగాణల్లో ఎన్నో ఇళ్ళకు నేల వేసింది ఈ ఊళ్ళే.

నాపరాయి గొప్పతనం ఏమిటంటే అది పొరలు పొరలుగా చీలుతుంది. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండేది. ఆ సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొర పేరుకుంది. అది గట్టిపడి రాయైంది. పొరల గీత మాత్రం అలాగే మిగిలింది. గిన్నెలో ఒకదాని మీద ఒకటి వేసి పెట్టిన దోసెలు చల్లారి అంటుకుంటాయి చూడండి, అంచు పట్టుకుని లాగితే మళ్ళీ దేనికది వస్తుంది. నాపరాయీ అంతే. గనిలో పనిచేసేవాళ్ళు ఆ అంచు కోసం వెతుకుతారు. అంచు దొరికిన చోట ఉలో, గడ్డపారో పెట్టి, సమ్మెటతో నాలుగు దెబ్బలు వేసి, మెల్లగా పైకి లేపుతారు. పలక లేస్తుంది. రెండు వైపులా దాదాపు చదునుగా ఉంటుంది. కోయాల్సిన పని సగం ప్రకృతే చేసిపెట్టింది. అందుకే అది చవక. అందుకే పేదవాడి ఇంట్లో కూడా బండ పరుపు ఉంది. పాత మిద్దెల్లో దూలాల మీద కప్పుకు కూడా ఇవే బండలు పరిచి, పైన మట్టి వేసేవాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం బండల మీద చాప కూడా లేకుండా పడుకున్న సుఖం తెలిసినవాళ్ళు నా మాట ఒప్పుకుంటారు. టైల్స్ మెరుస్తాయి. ఆ చల్లదనం మాత్రం వాటికి రాదు. ఇది నా అభిప్రాయం, టైల్స్ వేయించుకున్నవాళ్ళు మన్నించాలి.

ఇదే సున్నపురాయిని నిమ్మరసం కాకుండా వాననీరు కరిగిస్తే ఏమవుతుందో చూడాలంటే కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు పోవాలి. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని అతి స్వల్పంగా పులుపెక్కుతుంది. ఆ నీరు పగుళ్ళలోకి దిగి, లక్షల ఏళ్ళు మెల్లగా రాయిని కరిగించింది. అలా ఏర్పడ్డ గుహ పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. 1982, 83లో జర్మన్ బృందం కొలతలు వేసింది. 2002 నుంచి జనం లోపలికి పోయి చూస్తున్నారు. వంటింటి గట్టు మీద మచ్చ, బెలుం గుహ, రెండింటికీ కారణం ఒకటే. పిల్లలకు ఇది చెప్పి చూడండి. సైన్సు పుస్తకం కంటే బాగా గుర్తుంటుంది.

ఇక్కడ కొంచెం దూరం వెళ్ళొస్తాను. పోర్చుగల్ దేశంలో ఎస్త్రెమోజ్ అని ఒక పాత ఊరుంది. కొండ మీద కోట, కోటలో 27 మీటర్ల ఎత్తు బురుజు. ఆ బురుజు పాలరాతిది. ఊళ్ళో గుమ్మాలు, కిటికీ చట్రాలు, మెట్లు, పేదవాడి గడప కూడా పాలరాయే. అక్కడ పాలరాయి అంత మామూలు. రోమన్ల కాలం నుంచి ఆ గనులు నడుస్తున్నాయి. పోర్చుగల్ రాణి ఇసాబెల్, జనం పుణ్యవతిగా కొలిచే ఆవిడ, 1336లో ఆ కోటలోనే కన్నుమూసింది. ఇప్పుడా కోటలో ప్రయాణికులు బస చేసే హోటల్ ఉంది.

మనకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. ఎస్త్రెమోజ్ పాలరాయి, మన బేతంచెర్ల బండ దగ్గరి చుట్టాలు. రెండూ పుట్టుకతో సున్నపురాళ్ళే. వాళ్ళ రాయి భూమి లోపల వేడికి, ఒత్తిడికి ఉడికి, పొరలు పోయి, స్ఫటికాలు కట్టి పాలరాయైంది. అందుకని ఎటు చెక్కినా చెక్కించుకుంటుంది. బొమ్మలవుతుంది, బురుజవుతుంది. మన నాపరాయి అలా ఉడకలేదు. పొరలు అలాగే ఉన్నాయి. అందుకని పలకయింది, నేలయింది. వాళ్ళకు బురుజుగా లేచి నిలబడ్డది మన కాళ్ళ కింద పరుచుకుంది. ఏది గొప్ప అని అడగకండి. ఎండాకాలం వచ్చినప్పుడు అడగండి.

ఇంకో సంగతి. బనగానపల్లె దాటి యాగంటి వైపు పోయే దారికి దగ్గరలో జ్వాలాపురం అనే ఊరుంది. ఆ ఊరి పొలాల కింద బూడిద పొర ఉంది. సుమారు 74 వేల ఏళ్ళ కిందట ఇండోనేషియాలో టోబా అనే అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద ఇక్కడిదాకా వచ్చి పడింది. ఊరివాళ్ళకు ఆ తెల్లటి పొడి పాత్రలు తోముకునే పొడిగానే తెలుసు, తవ్వి అమ్మేవాళ్ళు. ఆ బూడిద పొర కిందా, పైనా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ఆ వివరాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. ప్రపంచమంతా మాట్లాడుకుంది. ఆ పనిముట్లు చేసినవాళ్ళు కూడా చేతికందిన రాయినల్లా వాడలేదు. పెచ్చులుగా లేచి పదునైన అంచు వచ్చే రాళ్ళనే ఏరుకున్నారు. అంటే ఈ పనికి ఈ రాయే ఎందుకు అన్న ప్రశ్న ఈ నేల మీద కనీసం 74 వేల ఏళ్ళ నాటిది.

సరే, ఇప్పుడు అహోబిలం పోదాం.

ఉదయం పెందలాడే బయలుదేరండి. ఎగువ అహోబిలం చేరేసరికి ఎండ ముదరకూడదు. దిగువన ప్రహ్లాదవరద స్వామి గుడి ఉంది. దాన్ని తిరిగొచ్చేటప్పుడు తీరిగ్గా చూద్దాం. ముందు కొండెక్కుదాం.

ఎగువ అహోబిలంలో నిలబడి ఎదురుగా కొండ చరియను చూడండి. ఎర్రటి, గోధుమ రంగు రాయి. నిలువుగా తెగిన గోడల్లా ఉంటుంది. ఇదీ పూర్వం సముద్రపు ఒడ్డు ఇసుకే. నూరు కోట్ల ఏళ్ళు దాటిన ఇసుక. ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో ఖాళీ లేకుండా బిగిసి రాయైంది. భూగర్భ శాస్త్రవేత్తలు క్వార్ట్‌జైట్ అంటారు. మన పలుగురాయికి చుట్టం. ఇనుప కత్తితో గీస్తే రాయి మీద గీత పడదు. కత్తి ఇనుమే అరిగి రాయి మీద నల్లటి చార మిగులుతుంది. నిమ్మరసం పోస్తే ఏమీ కాదు. వాననీటికి కరగదు. అందుకే అది కొండగా మిగిలింది. చుట్టూ ఉన్న మెత్తటి రాళ్ళు అరిగిపోయి లోయలయ్యాయి. ఇది నిలబడింది.

అంత గట్టి రాయి కదా, దీంతో విగ్రహాలు చెక్కొచ్చు కదా అని అడగొచ్చు. చెక్కలేరు. ఉలి పెట్టిన చోట కాకుండా ఇంకో చోట పెచ్చు లేస్తుంది. సన్నటి ముక్కు, వేలి గోరు, పూసల దండ ఇలాంటివి దాని మీద తేవడం దాదాపు అసాధ్యం. ఎగువ అహోబిలంలో స్వామి గుహలో వెలిశాడు. స్వయంభువు అంటారు. జ్వాలా నరసింహ స్వామి గుడి కూడా కొండ చరియను ఆనుకునే ఉంటుంది. ఉగ్రస్తంభం సంగతి చెప్పనక్కర్లేదు. హిరణ్యకశిపుడి సభాస్తంభం అదేనని, స్వామి అందులోంచే వచ్చాడని నమ్మకం. కళ్ళముందు నిలువునా చీలిన కొండ కనబడుతుంది. భక్తితో చూసేవాళ్ళకు అది స్తంభం. రాయి సంగతి తెలిసినవాళ్ళకు అది నిలువు పగుళ్ళ వెంట విడిపోయిన క్వార్ట్‌జైట్. రెండు చూపులూ ఒకే మనిషికి ఉండొచ్చు, నాకేమీ ఇబ్బంది అనిపించదు.

పైకి నడిచేవాళ్ళకు నాలుగు మాటలు. కాలికి పట్టున్న చెప్పులో బూట్లో వేసుకోండి. భవనాశిని వాగు పక్కన బండలు తడిస్తే పాచి పట్టి జారతాయి. వాన పడిన మర్నాడు ఉగ్రస్తంభం ఎక్కే ఆలోచన మానుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కర్ర తీసుకోండి. నీళ్ళు తప్పనిసరి. ఇది నల్లమల అడవి, పులులున్న అడవి. చీకటి పడకముందే దిగిరండి. దారిలో బండల మీద కూర్చున్నప్పుడు కాసేపు ఆ బండనే చూడండి. కొన్నింటి మీద చిన్న చిన్న అలల గుర్తులు కనబడతాయి. చెరువు ఒడ్డున తడి ఇసుక మీద కనబడే గీతలే అవి. ఆనాటి నీళ్ళు గీసిన గీతలు. అప్పటికి భూమి మీద చేప కూడా పుట్టలేదు.

మధ్యాహ్నానికి దిగువ అహోబిలం వచ్చేద్దాం. ఇక్కడ రాయి మనిషి మాట విన్న రాయి. విజయనగర కాలపు మండపాలు, స్తంభాలు. స్తంభం మీద దూలం, దూలం మీద కప్పు బండ. కేవలం బరువు మీద నిలబడ్డాయి. ఒక స్తంభం దగ్గర ఆగండి. బొమ్మను చూసే ముందు స్తంభం అడుగున చూడండి, మెట్ల అంచుల్లో చూడండి, ప్రాకారం రాళ్ళ అంచుల్లో చూడండి. పాత కట్టడాల్లో కొన్ని రాళ్ళ అంచున వరసగా చిన్న గాట్లు కనబడతాయి. గనిలో రాయిని చీల్చడానికి వరసగా గుంటలు తొలిచి, వాటిలో చీలలు దిగ్గొట్టేవాళ్ళు. రాయి ఆ గీత వెంటే చీలేది. నాపరాయికి ప్రకృతి అంచు ఇచ్చింది. ఈ రాయికి మనిషి అంచు గీశాడు. ఆ గాట్లు ఎక్కడైనా కనబడితే పిల్లల చేత లెక్కపెట్టించండి.

రాయికి ఇంకో పని కూడా ఉంది, మాట నిలపడం. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో ఇక్కడికి వచ్చి స్వామికి ఆభరణాలు, బంగారు పళ్ళెం, వెయ్యి వరహాలు సమర్పించినట్టు 1515 నాటి శాసనం చెబుతుంది. ఆ నగలు ఇప్పుడెక్కడున్నాయి? 1579లో గోల్కొండ సేనాని మురహరి రావు ఈ క్షేత్రాన్ని కొల్లగొట్టాడు. బంగారం పోయింది. బంగారం ఇచ్చినట్టు చెప్పిన రాయి ఉంది.

అహోబిలానికి కోటగోడ లేదు. కోట చూడాలనుకునేవాళ్ళు, ఇంకో రోజు తీరిక ఉన్నవాళ్ళు, జమ్మలమడుగు వైపు గండికోట పోండి. అక్కడ పెన్నానది కొండను కోసుకుంటూ పోయింది. లోయ అంచు మీదే పెమ్మసాని నాయకుల కోట. కోటగోడలోని ఎర్రరాయి, కింద లోయ అంచులోని ఎర్రరాయి ఒకటే. దూరం నుంచి రాయి తేలేదు. నిలబడ్డ కొండనే కోసి కోట కట్టారు. అదీ ఒక జవాబే. కోటకు పెద్ద పెద్ద దిమ్మలు కావాలి, సన్నటి పని అక్కర్లేదు, పక్కనే ఉంటే మోత ఖర్చు తప్పుతుంది.

అహోబిలం స్వామికి ఊళ్ళలో కూడా రాతి పీటలు ఉన్నాయి. సంక్రాంతి మరునాడు, కనుమ నాడు, పార్వేట ఉత్సవం మొదలవుతుంది. స్వామి పల్లకి ఎక్కి, చెంచులక్ష్మి పుట్టింటివాళ్ళైన చెంచులను కలుపుకుని, నలభై రోజులకు పైగా ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి రమ్మని స్వయంగా పిలుస్తాడన్నమాట. పల్లకి ఆగడానికి ఊరూరా అరుగులుంటాయి, తెలుపులు అంటారు వాటిని. ఏడాదంతా ఆ అరుగు మీద ముసలివాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. పార్వేట నాడు మాత్రం లేచి జాగా ఇస్తారు.

ఇప్పుడు ఆళ్ళగడ్డ. దీన్ని చివర ఉంచింది కావాలనే.

చాలామందికి ఆళ్ళగడ్డ అంటే బస్సు మారే చోటు. దయచేసి ఒక గంట ఆగండి. ఇక్కడ తరతరాలుగా విగ్రహాలు చెక్కే శిల్పుల కుటుంబాలున్నాయి. ఎన్నో ఊళ్ళ గుళ్ళలోని దేవుళ్ళు, రోడ్డు కూడళ్ళలోని నాయకులు, నందులు, ధ్వజస్తంభం పీఠాలు ఇక్కడ తయారైనవే. శాల దగ్గరికి పోతే దూరం నుంచే చప్పుడు వినిపిస్తుంది. ఒకప్పుడు ఉలి చప్పుడు ఒక్కటే. ఇప్పుడు కోత మిషన్ల రొద దానికి తోడైంది.

అడిగితే చాలామంది శిల్పులు ఓపిగ్గా చెబుతారు. మొదట రాయిని తట్టి వింటారు. ఖంగుమని మోగితే మంచి రాయి. మొద్దుగా, మూగగా పలికితే లోపల పగులుందని అనుమానం. శిల్పశాస్త్రంలో రాళ్ళకు పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని పేర్లు పెట్టింది ఈ నాదాన్ని కూడా చూసే. ఆరు నెలల పని చివర్లో చెయ్యి విరిగితే కష్టమంతా మట్టిపాలు. కాబట్టి ముందే వినాలి. తర్వాత రాయి మీద గీతలు గీస్తారు. మొహం పొడవును కొలతగా పెట్టుకుంటారు. దాన్ని తాళం అంటారు. నవతాళం అంటే విగ్రహం మొత్తం తొమ్మిది మొహాల ఎత్తు. దేవుణ్ణి బట్టి కొలత మారుతుంది. ఆ తర్వాత ముతక ఉలి, సన్న ఉలి, చివరికి రుద్దుడు. కళ్ళు మాత్రం ఆఖరికి.

ఇక్కడ ఒక చిన్న సంగతి మీ కళ్ళతో చూడండి. సగం చెక్కిన విగ్రహం దగ్గర నిలబడండి. రాయి నల్లరాయి, కృష్ణశిల అంటారు. కానీ ఉలి పడ్డ చోటల్లా బూడిద రంగులో, తెల్లగా ఉంటుంది. ఇదేమిటి, నల్లరాయి అన్నారే అనిపిస్తుంది. శిల్పి ఒక చెంబుడు నీళ్ళు తెచ్చి దాని మీద పోస్తాడు. క్షణంలో రాయి నల్లబడుతుంది. నగిషీ అంతా ఒక్కసారి పైకొస్తుంది. కనురెప్ప అంచు, కిరీటంలో పువ్వు, హారంలో పూసలు. నీళ్ళు ఆరగానే మళ్ళీ బూడిద రంగు. గరుకుగా ఉన్న రాయి వెలుగును చెల్లాచెదురు చేస్తుంది కాబట్టి తెల్లగా కనబడుతుంది. నీటి పొర దాన్ని నునుపు చేస్తుంది, అసలు రంగు బయటపడుతుంది. రోజుల తరబడి రుద్ది రుద్ది శిల్పి చేసేది ఆ నునుపును శాశ్వతం చేయడమే.

మరి విగ్రహానికి ఈ నల్లరాయే ఎందుకు? గుళ్ళో దేవుడికి ఏం చేస్తామో తలుచుకోండి. పాలు, పెరుగు, తేనె, పళ్ళరసాలు, కొబ్బరినీళ్ళు పోస్తాం. రోజూ పోస్తాం. వందల ఏళ్ళు పోస్తాం. పెరుగులో పులుపుంది. పళ్ళలో పులుపుంది. విగ్రహం నాపరాతిదో, పాలరాతిదో అయితే మీ వంటింటి గట్టుకు పట్టిన గతే దేవుడి మొహానికి పట్టేది. నల్లరాయికి ఆ భయం లేదు. అభిషేకం ఎంత చేసినా ఇంకా నిగనిగలాడుతుంది. పైగా రేణువులు సన్నగా, బిగుతుగా ఉంటాయి. కనురెప్ప అంచు చెక్కినా నిలబడుతుంది. పలకలుగా చీలదు. పెచ్చులుగా లేవదు. అంటే రోలుకు ఏ కారణంతో గట్టిరాయిని ఎంచుకున్నారో దేవుడికీ అదే కారణంతో ఎంచుకున్నారు. ఇంట్లో పాలరాతి విగ్రహాలున్నవాళ్ళు వాటికి పంచామృతాభిషేకం చేయకండి. తడిగుడ్డతో తుడిచి, పూలు పెట్టండి చాలు.

ఒక కష్టం కూడా చెప్పాలి. మిషన్‌తో రాయి కోస్తే లేచే దుమ్ము సామాన్యమైంది కాదు. కంటికి కనబడనంత సన్నటి సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరి మళ్ళీ బయటికి రాదు. సిలికోసిస్ అనే జబ్బు. వస్తే నయం కాదు. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది. మంచి మాస్కు తప్పనిసరి, మొహానికి కట్టుకునే తువ్వాలు సరిపోదు. ఈ ప్రసంగం వింటున్న శిల్పులు, పాలిష్ ఫ్యాక్టరీల్లో, గనుల్లో పనిచేసే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఈ ఒక్క మాట పట్టించుకోండి. విగ్రహం చేయించుకునేవాళ్ళు కూడా ధర బేరమాడే ముందు ఈ సంగతి ఒకసారి తలుచుకోండి.

ఊరి గుడికో, ఇంటికో విగ్రహం చేయించాలనుకుంటే శాలకు స్వయంగా వెళ్ళండి. ఏ రాయి, ఎక్కణ్ణుంచి తెచ్చారు అని అడగండి. రాయిని తట్టి వినిపించమనండి. నీళ్ళు పోసి చూపించమనండి. ఆ నీళ్ళు ఆరుతున్నప్పుడు పగులుంటే సన్నటి గీతలా కనబడుతుంది, ఎందుకంటే మిగతా రాయి ఆరినా పగులులో తడి ఉండిపోతుంది. కొలత, గడువు, ధర కాగితం మీద రాయించుకోండి. ఆరు నెలల పనిని రెండు నెలల్లో కావాలని తొందరపెట్టకండి.

గుడి బాధ్యులకు కూడా ఒక విన్నపం. పాత రాతి స్తంభాలకు రంగులు వేయించకండి. ఎనామిల్ పెయింట్ వేస్తే శిల్పి నెలల తరబడి తెచ్చిన నగిషీ ఒక్క బ్రష్షు కింద పూడుకుపోతుంది. మళ్ళీ తీయాలంటే రాయి పై పొర కూడా పోతుంది. రాతికి రంగు అక్కర్లేదు.

మిగతా మనందరికీ ఒక్క మాట. కొండ మీద బండల మీద, మండపం గోడల మీద పేర్లు చెక్కకండి. పిల్లలు చెక్కబోతే ఆపండి. ఉగ్రస్తంభం దారిలో ప్లాస్టిక్ సీసాలు వదిలి రాకండి. తిరుగు ప్రయాణంలో ఆళ్ళగడ్డలో ఒక గంట దిగండి, శాలలో ఒక శిల్పితో మాట్లాడండి, ఈ పనికి ఈ రాయే ఎందుకని అడగండి. వాళ్ళ దగ్గర నాకంటే మంచి జవాబులున్నాయి.